పెళ్లి బ్యాండు నుంచి జాజ్ దాకా: మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఒక సంగీత చరిత్ర

జాజ్ అనగానే మనలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి హోండా కంపెనీ కారు. రెండోది, సినిమాలో కోటు వేసుకున్న పెద్దమనిషి గ్లాసు పట్టుకుని కూర్చుంటే వెనకాల నెమ్మదిగా మోగే సాక్సఫోన్. రెండూ డబ్బున్నోళ్ల సరుకే. అందుకే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేర్ల పక్కన జాజ్ అని రాస్తే ఏదో అతకనట్టు అనిపిస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, ఈ మూడు ఊళ్లలో మరుగున పడిన జాజ్ క్లబ్బు దేన్నో తవ్వి తీశానని చెప్పబోవట్లేదు. చెప్పబోయేది వేరే. జాజ్ పుట్టింది హోటళ్లలో కాదు, ఊరేగింపుల్లో. మన పెళ్లి బ్యాండు బతికింది కూడా ఊరేగింపుల్లోనే. అంతేకాదు, మన ఊళ్ల నుంచి బస్సెక్కితే సాయంత్రానికి చేరే దూరంలో జాజ్, కర్ణాటక సంగీతం నిజంగానే కలుసుకున్నాయి. ఆ కథలో మన వైపు మనుషులు ఎక్కడున్నారు, ఎందుకు కనిపించరు అన్నదే ఈ వ్యాసం.

జాజ్ ఎక్కడ పుట్టింది?

అమెరికా దక్షిణాన మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లీన్స్ అని ఒక ఓడరేవు ఊరుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్లు అక్కడ ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి, డప్పులు వాయిస్తూ ఆడి పాడేవాళ్లు. 1865లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది. బతుకులు మాత్రం అంత తొందరగా మారలేదు. పొలం పనుల్లో పాడుకున్న పాటలు, చర్చి పాటలు, దుఃఖాన్ని పాడే బ్లూస్, సైనిక బ్యాండ్ల ట్రంపెట్లు, క్లారినెట్లు, పెద్ద డ్రమ్ములు అన్నీ ఆ ఊరి వీధుల్లో కలిశాయి. 1900 ప్రాంతంలో అందులోంచి వచ్చిన కొత్త సంగీతానికే తర్వాత జాజ్ అని పేరొచ్చింది. 1917లో మొదటి జాజ్ రికార్డు విడుదలైంది. సంగీతం నల్లజాతి వాళ్లది, మొదటి రికార్డు చేసే అవకాశం దక్కింది మాత్రం తెల్లవాళ్ల బ్యాండుకి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

న్యూ ఆర్లీన్స్‌లో ఒక ఆచారం ఉంది. ఎవరైనా చనిపోతే బ్యాండు వెంట నడుస్తుంది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా భక్తి పాటలు. తిరిగొచ్చేటప్పుడు హుషారైన పాటలు, వెనకాల జనం డాన్సు. బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుందేమో కానీ మన చిత్తూరు వైపు వాళ్లకి ఏం వింత? నిండు ఆయుష్షు గడిపిన ముసలాయన పోతే మన పల్లెల్లో కూడా పలకలు కొట్టి, టపాసులు కాల్చి, కుర్రాళ్లు చిందులేసి సాగనంపుతారు. జాజ్ తొలి తరం వాళ్లకి ఇలాంటి ఊరేగింపులే బడి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు బ్యాండులో వాయించడం నేర్చుకున్నది పిల్లల్ని ఉంచే ఒక దిద్దుబాటు హోంలో.

జాజ్ ఎలా పనిచేస్తుంది?

జాజ్‌లో పాట ఒక సాకు మాత్రమే. ముందు అందరూ కలిసి అసలు ట్యూన్ ఒకసారి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు వంతులవారీగా ఆ ట్యూన్ మీద అప్పటికప్పుడు కొత్తది అల్లుతారు. చివర్లో మళ్లీ అందరూ అసలు ట్యూన్‌కి వస్తారు. కర్ణాటక కచేరీ చూసినవాళ్లకి ఇది తెలిసిన దారే. కీర్తన పాడి, ఒక లైను పట్టుకుని నెరవు చేసి, కల్పనస్వరాలు వేసి, మళ్లీ పల్లవికి వచ్చి ఆగుతారు. అప్పటికప్పుడు అల్లడాన్ని మనవాళ్లు మనోధర్మం అంటారు.

మన భాషలో చెప్పాలంటే ట్యూన్ ఒక ఫంక్షన్ పేరు లాంటిది. లోపల రాసే కోడ్ ప్రతి రన్‌కీ మారిపోతుంది. బయటికొచ్చే రిజల్ట్ మాత్రం అదే టైపులో ఉండాలి. టైపు తప్పితే వినేవాళ్లే ఎర్రర్ చూపిస్తారు.

తేడా కూడా పెద్దదే. మన కచేరీలో వెనక తంబురా ఒకే శ్రుతిని మోగిస్తూ ఉంటుంది. రాగం మారదు. ఒక్కో స్వరాన్ని ఎలా ఊపాలి, ఎక్కడ నిలబడాలి అన్నదాంట్లోనే, అంటే గమకంలోనే పనంతా ఉంటుంది. జాజ్‌లో కింద నేల కదులుతూ ఉంటుంది. మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగితే దాన్ని కార్డ్ అంటారు. ఆ కార్డులు కొన్ని బీట్లకొకటి చొప్పున మారుతుంటే, పైన వాయించేవాడు మారే ప్రతి కార్డుకీ సరిపోయే స్వరాలు వెతుక్కుంటూ పరిగెత్తాలి. బ్లూస్ లెక్క చూడండి. 12 బార్లు, ఒక్కో బారుకి 4 బీట్లు, మొత్తం 48. ఆది తాళం 8 అక్షరాలు కాబట్టి సరిగ్గా 6 ఆవర్తనాలు. తర్వాత మళ్లీ మొదటికి. శుద్ధమైన లూప్.

నమ్మకం కలగకపోతే ఫోన్‌లో పియానో యాప్ ఏదైనా తెరవండి. తెల్ల మెట్లు వదిలేసి నల్లవే చూడండి. రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం అనుకుని, కుడివైపుకి నల్లవి మాత్రమే వరసగా నొక్కుతూ పోతే మోహన రాగం స్వరాలు వస్తాయి. ఇప్పుడు రెండు మెట్ల గుంపులో రెండోదాన్ని షడ్జమం చేసుకుని అలాగే నొక్కండి. శుద్ధ ధన్యాసి. తిరుపతి వైపు పెరిగిన మనందరి చెవుల్లో ఉన్న అన్నమయ్య కీర్తన 'భావములోన' వినిపించేది ఈ రాగంలోనే. ఈ ఐదు స్వరాలనే పాశ్చాత్యులు మైనర్ పెంటటానిక్ అంటారు. బ్లూస్ వాయించేవాళ్లకి పునాది స్కేలు ఇదే. దానికి మధ్యలో ఇంకో స్వరం చేర్చి, కొన్నిటిని కాస్త వంచి పలికిస్తే బ్లూస్ వచ్చేస్తుంది. అలాగని బ్లూస్ మన దగ్గర్నుంచి వెళ్లిందని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయొద్దు. ఐదు స్వరాల స్కేళ్లు ప్రపంచంలో చాలాచోట్ల విడివిడిగా పుట్టాయి. మెట్లు ఒకటే, వాటి మీద నడిచే నడక వేరు.

మన దేశానికి ఎలా వచ్చింది?

1935లో లియోన్ ఆబీ అనే నల్లజాతి వయొలినిస్టు తన బ్యాండుతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో దిగాడు. తర్వాత టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే పియానో ఆయన బొంబాయిలో, కలకత్తాలో ఏళ్ల తరబడి వాయించి, 1945లో కలకత్తాలోనే చనిపోయాడు. అమెరికాలో రంగును బట్టి తలుపులు మూసేసే రోజుల్లో వాళ్లకి ఇక్కడి హోటళ్లు మంచి జీతం, కాస్త మర్యాద ఇచ్చాయి. విచిత్రం ఏంటంటే, అవి తెల్ల దొరలు వచ్చిపోయే హోటళ్లు.

వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నది గోవా వాళ్లు, ఆంగ్లో-ఇండియన్లు. గోవాలో చర్చి బళ్లలో చిన్నప్పుడే నోటేషన్ చదవడం నేర్పేవాళ్లు. అందుకే కాగితం ముందుపెడితే ఏదైనా వాయించేవాళ్లు. చిక్ చాకొలేట్ అనే ట్రంపెట్ కళాకారుణ్ణి ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవాళ్లు. రాత్రి హోటల్లో జాజ్, పగలు స్టూడియోలో సినిమా పాటలు. హిందీ సినిమా పాటల్లో ఉన్నట్టుండి ట్రంపెట్లు, సాక్సఫోన్లు మోగడం వెనక ఉన్నది వీళ్లే. తెలుగు సినిమాలు మద్రాసులో తయారయ్యే రోజుల్లో మన క్లబ్ పాటలకీ అదే రంగు పట్టింది. విలన్ డెన్, మెరుపుల డ్రెస్సు, డ్రమ్స్, సాక్సఫోన్. మన తాతలు జాజ్ విన్నారు. అది జాజ్ అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

స్వాతంత్ర్యం తర్వాత ఇంకో దారి తెరుచుకుంది. రష్యాతో పోటీలో మంచి పేరు తెచ్చుకోవాలని అమెరికా ప్రభుత్వం జాజ్ బ్యాండ్లను దేశాల మీదికి పంపింది. 1958లో డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ వచ్చింది. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ వచ్చాడు. బ్రూబెక్ డ్రమ్మర్ జో మొరెల్లో మద్రాసులో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లైతో కలిసి వాయించాడు. ఆ మరుసటి ఏడాదే ఈ క్వార్టెట్ 'టేక్ ఫైవ్' రికార్డు చేసింది. 5 బీట్ల పాట. అమెరికాలో అది పెద్ద వింత. మన దగ్గర 5 అక్షరాల తాళాన్ని ఖండ చాపు అంటారు, సంగీతం క్లాసుకెళ్లే పిల్లలు దానికి చప్పట్లు కొడుతూ పాడేస్తారు.

బొంబాయి, మద్రాసు సరే. మరి మన వైపు సంగతి?

కుప్పం: రైలు పట్టాల కథ

కుప్పం మూడు రాష్ట్రాల మూలన ఉంది. మద్రాసు–బెంగళూరు రైలు దారి మీద ఉంది. మార్కెట్లో నిలబడితే పది నిమిషాల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. పశ్చిమాన సరిహద్దు దాటగానే కోలారు బంగారు గనులు, అంటే కేజీఎఫ్. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చాక అక్కడ గనుల లోపల మన చిత్తూరు, ఆర్కాటు జిల్లాల కూలీలు, పైన ఆంగ్లేయులు, ఆంగ్లో-ఇండియన్లు. కూలీల గుడిసెలు ఒకవైపు, దొరల బంగళాలు, క్లబ్బులు, డాన్స్ హాళ్లు ఇంకోవైపు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఆ దొరల పేటకి లిటిల్ ఇంగ్లాండ్ అని పేరు. కుప్పం దగ్గరి చిగురుగుంట గనిని కూడా తర్వాత ఆ ప్రభుత్వ గనుల కంపెనీయే నడిపింది. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాయి.

ఆంగ్లో-ఇండియన్ల పేట ఎక్కడుంటే అక్కడ శనివారం డాన్సు, దానికో బ్యాండు ఉండేవి. రైల్వే కాలనీల్లో ఇన్‌స్టిట్యూట్ అని ఒక హాలు ఉండేది, అందులో చెక్క నేల, మూలన ఒక పియానో. మన వైపు పాశ్చాత్య సంగీతం వచ్చింది ఈ పట్టాల వెంటే.

ఇంకో ఊరి పేరు మనందరికీ తెలుసు. వైట్‌ఫీల్డ్. ప్లేస్‌మెంట్ వస్తే అక్కడ పీజీలో మంచం వెతుక్కోవాలని ఇప్పటినుంచే కలలు కంటున్నాం కదా. ఆ ఊరు 1882లో ఆంగ్లో-ఇండియన్లు వ్యవసాయం చేసుకుని బతకడానికి మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో పుట్టింది. వైట్ అనే ఆయన పేరు మీదే వైట్‌ఫీల్డ్ అయింది. ఇప్పుడు అక్కడ ఐటీ పార్కుల మధ్య జాజ్ కచేరీలు జరిగే హాలు కూడా ఉంది. కుప్పంలో రైలెక్కి వైట్‌ఫీల్డ్‌లో దిగే మన సీనియర్లకి ఈ సంగతి తెలుసో లేదో.

మదనపల్లె: కాగితం మీదికి ఎక్కిన పాట

మదనపల్లె సంగీత చరిత్రలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. 1915లో అనీ బిసెంట్ స్థాపించిన థియోసాఫికల్ కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. కొన్ని రోజులు ఉన్నారు. జనగణమన పాడి వినిపించారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. ఆమె ఆ ట్యూన్‌ని పాశ్చాత్య నోటేషన్‌లో రాసింది. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటకి ఇంగ్లీషు అనువాదం కూడా అక్కడే రాశారు.

ఇది జాజ్ కాదు. కానీ జాజ్ అర్థం కావాలంటే ఈ సంఘటన బాగా ఉపయోగపడుతుంది. ట్యూన్ కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుంది? నోటేషన్ చదవగలిగే ఏ ఊరి బ్యాండైనా వాయించగలదు. పాడినాయన పక్కన లేకపోయినా ఫర్వాలేదు. పాట ఒక మనిషి గొంతు నుంచి విడిపోయి, ఫైల్ లాగా ఎక్కడికైనా వెళ్లిపోతుంది. జాతీయ గీతానికి కావలసింది సరిగ్గా అదే. అందరూ, అన్నిచోట్లా, ఒకేలాగా.

జాజ్ దీనికి సరిగ్గా తలకిందులు. కాగితం మీద ఉన్నది అస్థిపంజరం మాత్రమే. ఒకే కళాకారుడు ఒకే పాటని నిన్న వాయించినట్టు ఇవాళ వాయిస్తే తప్పు చేసినట్టే. అందుకే జాజ్ చరిత్రని నోటేషన్ కాపాడలేదు, రికార్డులు కాపాడాయి. మదనపల్లెలో ఠాగూర్ పాట కాగితం మీదికి ఎక్కడానికి రెండేళ్ల ముందే అమెరికాలో మొదటి జాజ్ రికార్డు వచ్చింది. కాగితం మీదికీ ఎక్కక, రికార్డులోకీ ఎక్కక పోయిన సంగీతం సంగతేంటి? దానికి పుంగనూరు వెళ్లాలి.

పుంగనూరు: నడిచే సంగీతం

పుంగనూరు అంటే బయటివాళ్లకి పొట్టి ఆవులు గుర్తొస్తాయి. మన వైపు వాళ్లకి సుగుటూరు గంగమ్మ జాతర గుర్తొస్తుంది. జాతరలో పలకలు, పెళ్లిలో మేళం, మెరవణిలో బ్యాండు. మూడింటికీ వేరువేరు మనుషులు, వేరువేరు కులాలు, వేరువేరు లెక్కలు.

బ్రిటిష్ సైనిక బ్యాండ్లను చూసి రాజులు, జమీందార్లు సొంత బ్యాండ్లు పెట్టుకున్నారు. మైసూరు ప్యాలెస్ బ్యాండు అందులో పేరున్నది. వాటిని చూసి ఊళ్లలో పెళ్లి బ్యాండ్లు వచ్చాయి. ఎర్ర కోటు, బంగారు జరీ, టోపీ. క్లారినెట్, ట్రంపెట్, సాక్సఫోన్, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో ఏ వాద్యాలు నడిచాయో మన కల్యాణ మండపం వీధిలోనూ దాదాపు అవే నడిచాయి. రెండింటికీ మూలం సైనిక బ్యాండే.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు పుంగనూరు దగ్గర. అక్కడ పెళ్లిళ్లకి క్లారినెట్ వాయించే తాత ఒకాయన ఉన్నాడు. మీకు నోటేషన్ వచ్చా తాతా అని అడిగితే నవ్వాడు. అదంతా మనకెందుకప్పా అన్నాడు. కొత్త సినిమా పాట నాలుగుసార్లు వింటే చాలంట. ఇంటి నుంచి మండపం దాకా దారి ఎక్కువుంటే చరణం సాగదీస్తారంట, దగ్గరైతే కట్ చేస్తారంట. పెళ్లికొడుకు దోస్తులు డాన్సు మొదలుపెడితే ఒకే లైను పట్టుకుని ఇరవైసార్లు తిప్పుతారంట, ప్రతిసారీ కొంచెం మార్చి. ఎందుకు మారుస్తారు అని అడిగితే, మార్చకపోతే వాయించే మాకే నిద్రొస్తుంది కదా నాయనా అన్నాడు.

జాజ్ గురించి నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాల్లో కూడా ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఆయన జాజ్ అన్న మాట ఎప్పుడూ విని ఉండడు. కానీ చెవితో నేర్చుకోవడం, జనాన్ని చూసి వాయింపు మార్చడం, ఒక లైను పట్టుకుని అల్లడం అన్నీ అక్కడున్నాయి.

రెండు దారులు కలిసిన చోట

ఇలాంటి ఇంట్లో పుట్టిన మనిషే కద్రి గోపాల్‌నాథ్. మంగళూరు దగ్గర నాదస్వర విద్వాంసుల కుటుంబం. చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ చూసి ఇదే వాయించాలి అనుకున్నాడు. కానీ సాక్సఫోన్‌తో ఒక చిక్కుంది. దాన్ని బెల్జియం వాడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ చేసింది సైనిక బ్యాండ్ల కోసం. మీట నొక్కితే ఒక స్వరం, ఇంకోటి నొక్కితే ఇంకో స్వరం. మధ్యలో జారడం కష్టం. నాదస్వరానికి మీటలు లేవు, రంధ్రాల మీద వేలు కొంచెం జరిపి, ఊపిరి, పెదవి మార్చి గమకం పలికించొచ్చు. కద్రి ఏళ్ల తరబడి కష్టపడి, వాద్యాన్ని కూడా తనకి తగ్గట్టు మార్చుకుని, సాక్సఫోన్ మీద కీర్తనలు పలికించాడు. 1980లో బొంబాయి జాజ్ పండగలో ఆయన వాయిస్తుంటే అమెరికన్ సాక్సఫోనిస్టు జాన్ హ్యాండీ విని, నేనూ వేదికెక్కి వాయించొచ్చా అని అడిగాడు.

కద్రి వల్ల ఇంకో సంగతి జరిగింది. రుద్రేష్ మహంతప్ప అమెరికాలో పెరిగిన భారతీయ కుటుంబం పిల్లవాడు. జాజ్ సాక్సఫోన్ చదువుకుంటుంటే వాళ్ల అన్న ఆట పట్టించడానికి ఒక ఆల్బమ్ ఇచ్చాడు. అది కద్రి గోపాల్‌నాథ్‌ది. నవ్వుకోవడానికి ఇచ్చిన ఆల్బమ్ తమ్ముడి దారే మార్చేసింది. 2008లో ఇద్దరూ కలిసి 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ చేశారు.

తిరుగు ప్రయాణం కూడా జరిగింది. ఛార్లీ మారియానో బోస్టన్‌లో పుట్టిన జాజ్ సాక్సఫోనిస్టు. ఛార్లెస్ మింగస్ లాంటి మహామహుల బ్యాండులో వాయించినవాడు. ఆయన నాదస్వరం మీద మనసు పడి, మన దేశానికి వచ్చి నేర్చుకున్నాడు. ఒకసారి ఆలోచించండి. మన పెళ్లిలో మేళం మోగుతుంటే మనం చెవులు మూసుకుని సెల్ఫీ తీసుకుంటాం. ఆ వాద్యం కోసం ఒక అమెరికన్ సముద్రాలు దాటొచ్చాడు. తర్వాత బెంగళూరులో టి.ఎ.ఎస్. మణి 1964లో పెట్టిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందంతో, గాయని ఆర్.ఎ. రమామణితో కలిసి 1983లో 'జ్యోతి' అనే ఆల్బమ్ చేశాడు. ఆ బెంగళూరు మదనపల్లెకి సుమారు 120 కిలోమీటర్లు.

ఇక మన తెలుగువాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, అంటే మాండొలిన్ శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విన్నది మాండొలిన్ మీద వెతుక్కునేవాడు. మళ్లీ చెవి చదువే. ఎనిమిది తీగల మాండొలిన్ గమకానికి లొంగకపోతే ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. 1983లో, అంటే మన ఇళ్లలో తొమ్మిదో తరగతి చదివే వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ పండగలో వాయించాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తిలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

మరి మన దగ్గర ఎందుకు రాలేదు?

దగ్గర్లో ఇంత జరిగినా మన మూడు ఊళ్లలో జాజ్ సీన్ అనేది ఎందుకు ఏర్పడలేదు? నాకు అర్థమైనంతలో సీన్ అంటే గొప్ప కళాకారుడు ఒకడు ఉండటం కాదు. వారానికి నాలుగైదు రోజులు వాయించే చోటు ఉండాలి. డబ్బులిచ్చేవాడు ఉండాలి. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినే తీరిక ఉండాలి. బొంబాయికి హోటళ్లున్నాయి, బెంగళూరుకి కంటోన్మెంట్ ఉంది. మనకున్నది ముహూర్తం. మూడు నెలలు పని, మూఢం వస్తే ఖాళీ. మిగతా రోజుల్లో క్షవరం, కూలి, సేద్యం.

అంతకంటే పెద్ద కారణం మర్యాద. వేదిక మీద కూర్చుంటే విద్వాంసుడు, వీధిలో నడిస్తే మేళగాడు. అదే వాద్యం, అదే పాట. మంగళ వాద్యం లేకుండా తాళి కట్టరు, వాయించినాయనకి మాత్రం చివరి పంక్తిలో భోజనం. పలక వాయించేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. న్యూ ఆర్లీన్స్‌లో కూడా మొదట ఇంతే. అవమానం వాళ్లకి, రికార్డు వేరేవాళ్లకి. కానీ అక్కడ ఎవరో ఒకరు రికార్డు చేస్తూ వచ్చారు, పేర్లు రాస్తూ వచ్చారు. 1987లో అమెరికా కాంగ్రెస్ జాజ్‌ని జాతీయ సంపద అని తీర్మానం చేసింది. వీధి సంగీతానికి అంత దూరం ప్రయాణం సాధ్యమైంది, ఎందుకంటే ఎవరు ఏ రోజు ఏం వాయించారో విని చెప్పగలిగే ఆధారాలు మిగిలాయి.

ఇప్పుడు మన మెరవణిలో ముందు డీజే బండి. బ్యాండుని పిలిచినా ఫొటోల కోసం అరగంట. క్లారినెట్ తాత ఇద్దరు మనవళ్లూ బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నారు. వాళ్లది తప్పని అనలేం. డీజే అంటే నాకూ ఇష్టమే, డాన్సు కూడా వేస్తా. కానీ డీజే బాక్సుకి వీధి ఎంత పొడవుందో తెలీదు. ఎవరు అలిసిపోయారో, ఎవరు ఏడుస్తున్నారో తెలీదు.

మన చేతిలో ఉన్నది

మనం సంగీత విద్వాంసులం కాదు. కానీ మనందరి జేబుల్లో రికార్డర్ ఉంది, మనకి డేటా సర్దడం వచ్చు. ఈసారి సెలవులకి ఊరెళ్తే మీ ఊరి మేళగాళ్లని, బ్యాండు వాళ్లని, పలక వాయించేవాళ్లని కలవండి. ముందు వాళ్ల అనుమతి అడగండి. పది నిమిషాలు వాయించమనండి, ఆ పది నిమిషాలకి వాళ్లు తీసుకునే డబ్బు ఇవ్వండి. తర్వాత నాలుగు ప్రశ్నలు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు? వాద్యం ఎక్కడ కొన్నారు? మొదట వాయించిన సినిమా పాట ఏది? ఊరేగింపులో వాయించే పద్ధతి, మండపంలో వాయించే పద్ధతి ఎలా మారుతుంది? వాళ్లు ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ ఫైలుకి తగిలించండి. మెటాడేటా లేని ఆడియో ఎందుకూ పనికిరాదని మనకి వేరే చెప్పాలా?

వినడం మొదలుపెట్టాలనుకునే వాళ్లకి నా వరస ఇది. మొదట ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్, దాని పక్కనే ఏదైనా పెళ్లి బ్యాండు వీడియో. తర్వాత 'టేక్ ఫైవ్', ఖండ చాపు వేస్తూ. ఆ తర్వాత 'జ్యోతి', 'కిన్స్‌మెన్'. చివర్లో మాండొలిన్ శ్రీనివాస్, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంకే పనీ చేయకుండా.

రికార్డింగ్ దొరికితే మన క్లబ్బుకి పంపండి. అన్నీ ఒకచోట పెట్టే పని నేను చేస్తా. పుంగనూరు క్లారినెట్‌తో ఫోల్డర్ ఇప్పటికే మొదలైంది. అందులో ప్రస్తుతానికి ఒకే ఫైలు ఉంది, 11 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కుక్క మొరుగుతుంది.